అందరూ తిన్నారు

ఆయప్ప పోయాడన్న కబురుకు నేను బొటనవేలు పెట్టాను.

కావాలని కాదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆయప్ప పేరు కనబడితే బొటనవేలి బొమ్మ నొక్కడం నాకు మూడేళ్ళ అలవాటు. అలవాటైన పనికి వేలు కళ్ళ కోసం ఆగదు. గురువారం పొద్దున పేరు కనబడింది, వేలు నొక్కింది, కళ్ళు ఆ తర్వాత తీరిగ్గా చదివాయి. ఓర్వకల్లు యార్డులో ఉన్న మనవాడు తెల్లవారుజామున గుండెపోటుతో... కింద వరసగా అందరూ పెట్టిన దండాలు. వాటి నడుమ నా బొటనవేలు, చావింట్లో వేసిన ఈలలాగా. నేను దాన్ని తీసేసేలోపే పక్క సీటు వాడు ఫోన్ చేశాడు. దీన్ని అప్రూవ్ చేసింది నువ్వేనా అని అడిగాడు.

ఆయప్ప ఉండి ఉంటే నవ్వేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "ఎనక్కి తీసుకుంటివా?" అనేవాడు. తీసుకున్నానంటే "అయితే సరే" అని పోయేవాడు. ఆయన లెక్కలో తప్పు చేయడం మనిషి లక్షణం. వెనక్కి తీసుకోలేని తప్పు చేయడమే తెలివితక్కువతనం.

మాది ముగ్గురాయి కంపెనీ. మంగంపేట దగ్గర మిల్లులో రాయిని పొడి కొట్టి ఓడలెక్కిస్తాం. ఎక్కడో సముద్రంలో నూనె బావులు తవ్వేవాళ్ళు దాన్ని బురదలో కలుపుకుంటారట. బురదలో కలపడానికి కూడా మా సీమ రాయే కావాల్సి రావడం మాకు గర్వకారణం. ఆఫీసు కడపలో, మిల్లు మంగంపేట దగ్గర, యార్డు కర్నూలు దగ్గర ఓర్వకల్లులో. ఈ మూడింటినీ కలిపేది లారీలను తూచే కాటా. లారీ వచ్చేటప్పుడు ఒక తూకం, పోయేటప్పుడు ఒక తూకం, డ్రైవరు చేతికొక చీటీ. ఆ చీటీ ఇచ్చే సాఫ్టువేరు రాసేవాళ్ళం నలుగురం. మేం రాసినదాన్ని కాటాల మీదికి ఎప్పుడు ఎక్కించాలి, ఎక్కించాక బాగోకపోతే ఎప్పుడు దించాలి, ఇది తేల్చేది ఆయప్ప. కార్డు మీద రిలీజ్ మేనేజర్ అని ఉండేది. అంతకుముందు పన్నెండేళ్ళు ఆయన అదే మంగంపేట కాటాలో చీటీలు రాసినవాడు, చేత్తో.

ఆయన కుర్చీకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అట్లే ఉండేది. కూర్చుంటే కదా చిరిగేది. రిలీజు రోజు ఆఫీసు మెట్ల నుంచి టీ బంకు దాకా, టీ బంకు నుంచి మెట్ల దాకా, చెవికి ఫోను పెట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. ఒకసారి కూర్చోమన్నాను. "కూచున్నోనికి అంతా బాగానే కనపడతాదప్పా" అన్నాడు. అప్పుడు నేను కూర్చునే ఉన్నాను.

బండి ఎక్కడ ఆపినా ముందు దాన్ని తిప్పి, ముఖం రోడ్డువైపు పెట్టి దిగేవాడు. చెప్పులు విడిచినా అంతే, ముక్కులు వీధివైపు. మా వాడొకని గృహప్రవేశంలో గుమ్మం ముందు వంద జతల చెప్పులు ఇంటివైపు చూస్తుంటే ఒక్క జత మాత్రం బస్సు ఎక్కేట్టు నిలబడి ఉంది. ఎవరివని అడగాల్సిన పని లేకపోయింది. ఏదైనా ఊరికి పోవాలంటే పోయే బస్సు సంగతి అడగడు, వచ్చే బస్సు సంగతి అడుగుతాడు. "పొయ్యేది ఎవరైనా పోతారు. వచ్చేదారి చూసుకోని పోవల్ల." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. గురువారం నాటి ప్రయాణం ఒక్కదానికే ఆయన నియమం తప్పాడు.

మామూలుగా సాఫ్టువేరు ఎక్కించే పనులు రాత్రిపూట, జనం లేనప్పుడు చేస్తారు. ఆయప్ప ఒప్పుకునేవాడు కాదు. రాత్రిపూట ఎక్కించేది దొంగల పని అనేవాడు. ఏమన్నా పాడైతే చెప్పేదానికి మేలుకున్న మనిషి ఒకడుండల్ల కదా. అందుకని పగలే, డ్రైవర్లు లారీలు పక్కన పెట్టుకుని అన్నానికి పోయే వేళకు ఎక్కించేవాడు. ఎక్కించిన గంటకు కాటాలకు ఫోన్. ఆ ఫోన్‌లో చీటీ మాట ఉండదు, కంప్యూటరు మాట ఉండదు.

"ఏం తింటివి?"

అంతే. అవతలివాడు సంగటనో, చిత్రాన్నమనో, ఇంకా తినలేదనో చెప్పేవాడు. ఈయన ఆఁ అనేవాడు, పెట్టేసేవాడు. రెండు కాటాల వాళ్ళూ తిన్నారని తెలిశాక మా గ్రూపులో రెండే మాటలు పెట్టేవాడు: అందరూ తిన్నారు. రిలీజు అయిందనడానికి అదే గుర్తు. మేం బొటనవేళ్ళు పెట్టేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళు ఇది క్యాంటీన్ గ్రూపు అనుకుని బయటికి పోయిన సందర్భాలు ఉన్నాయి.

నాకు దీని అర్థం తెలిసిన రోజు వేరే. చేరి నెల కూడా కాలేదు. నేను కోసిగి పక్క పల్లె నుంచి వచ్చినవాణ్ణి, మా ఇంట్లో కంప్యూటరు ముట్టిన మొదటివాణ్ణి, అందువల్ల నా మీద నాకు నమ్మకం బాగా ఉండేది. డ్రైవర్ల చీటీలు తారుమారవుతున్నాయని, ఇకమీదట ప్రతి డ్రైవరు ఫోనుకూ ఓటీపీ పోయేట్టు, అది చెబితేనే చీటీ వచ్చేట్టు రాశాను. ఆయప్ప చూశాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. రాసినోడు కాటా కాడ నిలబడల్ల, పో, అన్నాడు. అది ఆయన పెట్టిన ఆచారం. ఎవరి కోడు ఎక్కుతుందో వాడు ఆ పూట ఏసీ కింద ఉండకూడదు.

బస్సులో రెండు గంటలు. మంగంపేట కాటా గుమాస్తా పేరు ఓబులేసు, నడివయసు మనిషి, మాట తక్కువ. పన్నెండుకు నా ఓటీపీ ఎక్కింది. అప్పుడు తెలిసింది, ఆ కాటా దగ్గర సెల్లు సిగ్నలు రాదు. కాటా గదిలో ఉన్నది పాత ల్యాండ్‌లైను. సిగ్నలు కావాలంటే ఎదురుగా ఉన్న ముగ్గురాయి గుట్ట ఎక్కాలి. అరగంటలో ఏడుగురు డ్రైవర్లు గుట్ట మీద నిలబడి, చేతులు పైకెత్తి, ఫోన్లు ఆకాశానికి చూపిస్తున్నారు. దూరం నుంచి చూసినవాళ్ళు వానదేవునికి మొక్కుతున్నారనుకుని ఉంటారు. ఒక పెద్దాయన నంబరు ఆయన భార్యదట. ఓటీపీ బద్వేల్లో ఆమెకు పోయింది. ఇది ఏ ఆడమనిషి పంపిన నంబరో చెప్పమని ఆమె పక్కవాని ఫోనులో ఆయన్ను అడుగుతోంది. ఆయన నన్ను చూపించి, ఈ పిల్లోడేనే, అంటున్నాడు. నేను ఆమెతో మాట్లాడి నా మగతనం నిరూపించుకోవాల్సి వచ్చింది.

ఒంటిగంటకు ల్యాండ్‌లైను మోగింది. ఓబులేసు ఎత్తి నాకిచ్చాడు.

"ఏం తింటివి?"

"తినలేదన్నా."

"ఓబులేసు?"

"ఆయనా తినలేదు."

ఫోన్ పెట్టేశాడు. ఐదు నిమిషాలకు కాటాలో పాత చీటీ వచ్చింది. తప్పు ఎక్కడని అడగలేదు, ఎందుకని అడగలేదు. మర్నాడు ఆఫీసులో నేనే వెళ్ళి అడిగాను, బాగుందా అని నేరుగా అడగొచ్చు కదా అని.

"బాగుండాదా అంటే బాగుండాది సార్ అంటారు. ఆఫీసోళ్ళకు ఇంగేం చెప్తారప్పా? తిన్నాడంటే కాటా కాడ లారీల్లేవు. లారీల్లేవంటే మన చీటీ సరిగ్గా వస్తాండాది." అని, పోతూ పోతూ, "తిండి మీద అబద్ధం చెప్పేదానికి శానా తెలివి కావల్ల" అన్నాడు.

శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఆయప్ప ఆఫీసులో కనబడడు. లీవు పెట్టడు, ఎక్కడికో చెప్పడు. అడిగితే "పని ఉండాది" అంటాడు. రాజంపేటలో ఇంకో సంసారం ఉందని ఒక పుకారు. దాన్ని పుట్టించింది నేనే. నాలుగు రోజుల తర్వాత అదే పుకారును వేరేవాళ్ళు నాకు రహస్యంగా చెబితే నమ్మాను కూడా.

పోయిన ఎండాకాలంలో హైదరాబాదు నుంచి కొత్త మేనేజరు మేడం వచ్చింది. మంచి మనిషి, మర్యాదస్తురాలు. ఒక మనిషి ఫోన్లు చేసి తిన్నారా అని అడిగితే తప్ప రిలీజు కాని కంపెనీ తన అనుభవంలో లేదని చెప్పింది. ఎవరి అనుభవంలోనూ ఉండదు. ఇకమీదట కోడు సిద్ధం కాగానే దానంతటది పరీక్షలు చేసుకుని, దానంతటది కాటాల మీదికి ఎక్కాలి, తేడా వస్తే దానంతటది దిగాలి. దాన్ని పైప్‌లైను అంటారు. మా సీమలో పైప్‌లైను అంటే జనం నీళ్ళెప్పుడొస్తాయని అడుగుతారు. ఆయప్పా అదే అడిగాడు. రాసే పని నాకు పడింది. ఆయన చూసుకునేవన్నీ అడిగి జాబితా చెయ్యి, వాటినే దాంట్లో పెడదాం, అంది మేడం. అంటే ఒక మనిషి కుర్చీని తీసేసే పనిని, ఆ మనిషినే అడిగి నేర్చుకోవాలి. ఆ కుర్చీలో ఆయన కూర్చోడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రెండు రోజులు ఆయన తిరుగుతూ చెప్పాడు, నేను వెంట తిరుగుతూ ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని కొట్టుకున్నాను. కోపం లేదు, దాపరికం లేదు. చీటీ ముద్రణ అయిందో లేదో చూడల్ల. రెండు తూకాలూ పడినాయో లేదో చూడల్ల. నలభై దాకా తేలాయి. ముప్ఫై ఒకటో నంబరు దగ్గర "శనివారం వద్దు" అన్నాడు.

"ఎందుకన్నా?"

"శనివారం తెలీదప్పా."

"ఏం తెలీదు?"

"ఏమీ తెలీదు."

శనిమహాత్ముని భయం అనుకున్నాను. పక్కన మూఢనమ్మకం అని రాసి కొట్టేశాను. ఆయన నా భుజం మీదుగా చూశాడు, చదివాడు, ముప్ఫై రెండోది చెప్పడం మొదలుపెట్టాడు. రాసినోడు కాటా కాడ నిలబడాలన్నదీ కొట్టేశాను, బస్సు ఛార్జీల బాధ పోతుందని. ఏం తింటివి అన్నదాన్ని కంప్యూటరుకు ఎట్లా నేర్పాలో తెలియక వదిలేశాను.

చివర్లో ఆయన అడిగింది ఒకటే. దీంట్లో ఎనక్కి దారి ఉండాదా? ఉందన్నాను. నొక్కేదెవరు? తప్పు కనబడితే అదే నొక్కుకుంటుందన్నాను. "కనపడితే" అన్నాడాయన. మళ్ళీ మెట్లు దిగుతూ ఇంకోసారి అనుకున్నాడు, "కనపడితే."

ఆయన్ను ఓర్వకల్లు యార్డు ఇన్‌ఛార్జిగా పంపారు. కాగితం మీద అది పదోన్నతి. పోయేరోజు నాతో, చీటీ తెలుగులో పెట్టు, మర్సిపోకు, అన్నాడు. మూడేళ్ళుగా అడుగుతున్నాడు. చీటీలన్నీ ఇంగ్లీషులో వస్తాయి, డ్రైవరు తన చేతిలో ఉన్నదేమిటో తాను చదువుకోలేడు. మాకు ఎప్పుడూ అంతకంటే ముఖ్యమైన పనులు ఉండేవి. ఇప్పుడు అవేమిటో ఒక్కటి కూడా గుర్తులేదు.

నాలుగు నెలలు పైప్‌లైను బాగానే నడిచింది. నిజం చెప్పాలంటే ఆయప్ప లేని లోటు ఎవరికీ తెలియలేదు. ఇట్లాంటి కథల్లో పెద్దాయన పోగానే మిషను కూలిపోవాలి. మాది కూలలేదు.

గురువారం కబురు వచ్చింది. ఓర్వకల్లు పోయి దండ వేసి వచ్చాను. శుక్రవారం ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. ఏం చేయాలో తోచక, ఆయన అడిగిన తెలుగు చీటీ రాశాను. మూడేళ్ళు తీరని పని ఒక్క పూటలో అయిపోయింది, సిగ్గుపడేంత తేలిగ్గా. శనివారం పదకొండుకు పైప్‌లైనుకు వదిలాను. నివాళి అనుకున్నాను. నివాళి అనే మాట మనసులో పుట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను అట్లాంటి మాటలు వాడే మనిషిని కాదు.

అన్నీ పచ్చగా వచ్చాయి. పరీక్షలు పచ్చ, మంగంపేట పచ్చ, ఓర్వకల్లు పచ్చ. చీటీలు ముద్రణ అవుతున్నాయి, ఒక్క తప్పూ లేదు. నేను కుర్చీలోంచి లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. టీ బంకు దాకా పోయి టీ తాగకుండా వచ్చాను. పన్నెండున్నరకు ఎందుకు చేశానో తెలియదు, మంగంపేట కాటాకు ఫోన్ చేశాను. ఓబులేసు ఎత్తాడు.

"ఏం తింటివి ఓబులేసూ?"

అవతల కాసేపు లారీల హారన్లు వినబడ్డాయి.

"శనివారం గదా సార్. ఒక్కపొద్దు."

అప్పుడు అర్థమైంది. శనివారం ఓబులేసు పొద్దున్నించీ ఏమీ ముట్టడు, చీకటి పడే వేళకు ఒక్కసారి తింటాడు. లారీలు ఉన్నా తినడు, లేకపోయినా తినడు. శనివారం తెలీదప్పా. నేను మూఢనమ్మకమని కొట్టేసింది, ఆ కాటా దగ్గర ఆయప్పకు ఉన్న ఒకే ఒక కొలతబద్ద పనిచేయని రోజును. ఇంకేం అడగాలో తెలియక, ఎవరైనా అడిగేదే అడిగాను. అంతా బాగుండాదా?

"బాగుండాది సార్."

మూడేళ్ళ కిందట ఆ జవాబు ఖరీదు ఎంతో ఒకాయన నాకు చెప్పి ఉన్నాడు. బండి తీశాను.

డెబ్భై కిలోమీటర్లకు పైనే, మిట్టమధ్యాహ్నం. దారిలో రాజంపేట దగ్గర ఒక చోట ఆగి, బహుశా ఏమీ ఉండదు, ఊరికే పోతున్నాను, వెనక్కి తిరుగుదామా అనుకున్నాను. మిల్లుకు ఇంకా కిలోమీటరు ఉందనగానే లారీల తోక కనబడింది. రోడ్డు దాకా వచ్చేసింది.

కాటా గదిలో ఓబులేసు పిన్నులు కొడుతున్నాడు. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు కంటే వరసకు కొంచెం ఎక్కువ జాగా కావాలి. నేను ఇచ్చాను. దాంతో చీటీ ఒక కాగితంలో పట్టక ఆఖరి వరస రెండో కాగితం మీద పడుతోంది. ఆ ఆఖరి వరస లారీ నంబరు. నంబరు లేని చీటీకి గేటువాడు లారీని వదలడు. అందుకని ఓబులేసు ప్రతి చీటీకి రెండో కాగితం రాకకోసం చూసి, రెండూ కలిపి పిన్ను కొట్టి ఇస్తున్నాడు. కంప్యూటరు దృష్టిలో ముద్రణ అయింది. పచ్చ. పిన్నులు అయిపోయాక తుమ్మముళ్ళు గుచ్చుతున్నాడు. ముళ్ళు ఏరి తెచ్చింది డ్రైవర్లే.

చెప్పొచ్చు కదా ఓబులేసూ అన్నాను. "తెలుగులో బాగుండాది గదా సార్" అన్నాడు. వెటకారం కాదు. ఒక డ్రైవరు చీటీని వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుతున్నాడు నిజంగానే. వాని వెనక ముప్ఫై లారీలు.

ల్యాండ్‌లైను మీద కడపకు ఫోన్ చేసి, తీసెయ్ అన్నాను. ఏం ప్రాబ్లం, అన్నీ పచ్చగా ఉన్నాయి కదా అన్నాడు పక్క సీటు వాడు. తీసెయ్ అన్నాను. ఆయప్ప కోసమని వేసింది కదా అన్నాడు. ఆయప్ప కోసమే, అందుకే తీసెయ్, అన్నాను. నివాళి నాలుగు గంటలు బతికింది.

పాత చీటీ వచ్చింది. లారీల తోక తరగడానికి పొద్దు వాలింది. నేనూ గేటు దగ్గర నిలబడి ముళ్ళు గుచ్చిన చీటీలు వాచ్‌మన్‌కు చూపించి పంపాను. చీకటి ముసురుతుండగా ఓబులేసు చేతులు కడుక్కుని, గోడమీద పటానికి దండం పెట్టి, డబ్బా తెరిచాడు. రెండు దోశలు, చెనిక్కాయల ఊరిబిండి.

"మీరేం తింటిరి సార్?"

పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పకముందే ఆయన ఒక దోశ మూతలో పెట్టి నావైపు జరిపాడు. ఒక్కపొద్దువాని దగ్గర సగం తిండి లాక్కున్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను అన్నాను. కాదన్నాడు.

"ఆయప్ప సార్ శనారం శనారం వచ్చి గంటసేపు కాటా చూస్తాండె. నేను గుడికి పోయొస్తాంటి. వచ్చినాక చెరొకటి. రాత్రి ఆకరు బస్సుకు పోతాండె."

అదీ రాజంపేట సంసారం. నేను దోశ నమిలాను. ఊరిబిండి కారంగా ఉంది, కళ్ళలో నీళ్ళు దానివే.

సోమవారం వస్తాను, చీటీ సరిచేసి తెలుగులోనే తెస్తాను, ఆ పూట ఇక్కడే నిలబడతాను, అన్నాను. ఓబులేసు ఆఁ అన్నాడు. గ్రూపులో చెప్పాలి కదా. గుట్ట ఎక్కాను. రాళ్ళు కాలి కింద జారుతున్నాయి. పైన నిలబడి, చెయ్యి ఆకాశానికి చాపి, ఒక గీత సిగ్నలు దొరికాక రెండు మాటలు కొట్టాను.

అందరూ తిన్నారు.

మొదటి బొటనవేలు హైదరాబాదు మేడంది. చదవకుండా నొక్కి ఉంటుంది. ఆ వేలి సంగతి నాకు తెలుసు కాబట్టి ఏమీ అనుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని కిందికి చూశాను. చీకట్లో అన్ని పక్కలా ఒకేరకం రాళ్ళు. ఎక్కేటప్పుడు దిగే దారి చూసుకోలేదు. కింద నుంచి ఓబులేసు టార్చి వేసి, ఆ పక్క కాదు సార్, ఈ పక్క, అంటున్నాడు.